తలుచుకోవడమూ ఒక పనే



పేరున్న గాయకుడో నటుడో కన్నుమూస్తే ఆ సాయంత్రం ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. రేడియో పెడితే ఆయన పాటలు, టీవీ పెడితే ఆయన సినిమాలు, ఫోను తీస్తే ఆయన ఫొటోలు, వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు. తీరని లోటు అన్న మాట ఆ పూట ఎన్ని నోళ్లలో నలుగుతుందో చెప్పలేం. పది పదిహేను రోజుల్లో ఒక సంతాపసభ జరుగుతుంది. ఏడాది తిరిగేసరికి కూడలిలో విగ్రహం, దాని మెడలో దండ. ఆ తర్వాత విగ్రహం నీడన ఆటోలు ఆగుతుంటాయి.

ఎగతాళికి చెప్పడం లేదు. ఆ పూట కలిగే దుఃఖం నిజమైనదే. మన పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, ఒంటరి రాత్రుల్లో తోడున్న గొంతు ఇక కొత్తగా పాడదంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అయితే దుఃఖానికి ఆయుష్షు తక్కువ. నాలుగు రోజులకు తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఆ తర్వాత కూడా ఆ కళాకారుడు జనంలో నిలవాలంటే ఎవరో ఒకరు పూనుకుని పని చెయ్యాలి. సొమ్ము ఖర్చు పెట్టాలి, ఊళ్లు తిరగాలి, పాత కాగితాలు వెతకాలి, గొంతు అరిగేలా సాధన చెయ్యాలి, అవసరమైతే నలుగురితో తగవు పడాలి. వెనకటి కళాకారుల్లో ఇవాళ మనకు దక్కినవారు దక్కారంటే అలా ఎవరో పడ్డ శ్రమ వల్లే. ఆ శ్రమ చేసినవాళ్లలో కొందరి గురించి, ఆ శ్రమ అందక మనం పోగొట్టుకున్నవాటి గురించి ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా తిరువయ్యారు వెళదాం. కావేరి ఒడ్డున, తంజావూరికి దగ్గరలో ఉన్న చిన్న ఊరది. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు అక్కడ దేహం చాలించారు. పోయేముందు సన్యాసం తీసుకున్నారు కనుక నది ఒడ్డునే సమాధి చేశారు. ఆయన కీర్తనలు శిష్యుల గొంతుల్లో బతికే ఉన్నాయి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అని మూడు శిష్య పరంపరలు వాటిని మోసుకుపోయాయి. సమాధిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ ముళ్లపొదలు పెరిగి, అది ఎక్కడుందో ఆనవాలు పట్టడమే కష్టమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన శిష్యులు ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ ముసలితనంలో పూనుకుని, సమాధిని వెతికి బాగుచేయించారు. ఏటా ఆరాధన జరిగే ఏర్పాటూ మొదలైంది. మొదలైన కొన్నాళ్లకే నిర్వాహకులు రెండు కక్షలుగా చీలిపోయి, ఎవరి ఉత్సవం వారు చేసుకోసాగారు. ఉత్సవం ఘనత గురించి పోటీ పడ్డారు గాని, సమాధి మళ్లీ పాడుపడుతుంటే చూసినవారు లేరు.

ఆ సంగతి ఉత్తరం ద్వారా బెంగుళూరు నాగరత్నమ్మగారికి తెలిసింది. రాసినవారు ఆమె గురువు బిడారం కృష్ణప్ప. నాగరత్నమ్మగారు 1878లో మైసూరు రాజ్యంలో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. కన్నడం, తెలుగు, సంస్కృతం వచ్చిన విదుషి. మద్రాసులో ఆమె కచేరీ అంటే జనం విరగబడేవారు. నగలు, ఇల్లు, పేరు అన్నీ సంపాదించుకున్నారు. 1921లో ఆమె ఈ పని తలకెత్తుకున్నారు. సమాధి ఉన్న నేల తేలిగ్గా చేతికి రాలేదు, పరుల హక్కుల్లో ఉంది. దాన్ని సంపాదించి, నగలు అమ్మి, కచేరీలు చేసి, హరికథలు చెప్పి, వచ్చిన డబ్బుతో త్యాగరాజస్వామికి గుడి కట్టించారు. విగ్రహం చేయించి నిలిపారు. నిత్యపూజకు ఏర్పాటు చేశారు.

ఇంత చేశాక ఆరాధన రోజున ఆ గుడి ముందు కూర్చుని ఆమె పాడబోతే కుదరదన్నారు. ఆడవాళ్లు అక్కడ పాడకూడదట. గుడి కట్టడానికి ఆమె డబ్బు పనికివచ్చింది, పాట మాత్రం పనికిరాలేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, అలిగి వెళ్లిపోనూ లేదు. 1927లో ఆడవాళ్లను కూడగట్టి మూడో పక్షం పెట్టారు. దేవదాసీ కుటుంబాల గాయనులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మగవాళ్ల రెండు కక్షలూ ముందు పాడుకుంటుంటే, గుడి వెనక తమ ఆరాధన తాము చేసుకున్నారు. పన్నెండు పదమూడేళ్లు అలాగే సాగింది. 1940లో పెద్దలు పూనుకుని మూడు పక్షాలనూ కలిపారు. అప్పటినుంచి ఆడా మగా ఒకే పందిట్లో కూర్చుని పాడుతున్నారు.

అందరూ కలిసి ఏం పాడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఘనరాగ పంచరత్నాలను ఎంచుకున్నారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ: ఈ ఐదు రాగాల్లోని ఐదు కీర్తనలు. మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. ఏటా పుష్య బహుళ పంచమి పొద్దున తిరువయ్యారు పందిట్లో వందల గొంతులు ఒక్కసారిగా తెలుగు పాడతాయి. పాడేవారిలో చాలామందికి తెలుగు రాదు. అయినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుని వస్తారు. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో, అమెరికాలో క్లీవ్‌లండ్‌లో కూడా ఇదే పద్ధతిలో ఆరాధన జరుగుతోంది. పోయిన సంగీతకారుణ్ణి తలుచుకునే పద్ధతుల్లో దీన్ని మించినది నాకు కనిపించలేదు. ఇక్కడ దండ వేసి వెళ్లిపోవడానికి వీలుండదు. తలుచుకోవాలంటే పాడాలి. పాడాలంటే ముందు నేర్చుకోవాలి.

నాగరత్నమ్మగారు చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపి, 1952 మే 19న కన్నుమూశారు. తన ఆస్తినీ ఆ గుడికే రాసి వెళ్లారు. ఇప్పుడు త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా, ఆయనకు నమస్కరిస్తూ కూర్చున్న ఆమె విగ్రహం కనిపిస్తుంది.

ఆమె చేసిన ఇలాంటి పని ఇంకొకటుంది. అది త్యాగరాజు పనికన్నా ముందుది. తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె కూడా నాగరత్నమ్మగారి లాగే కళావంతుల ఇంటి బిడ్డ. రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు తీసేశారనీ, కవయిత్రి పరిచయంలో ఆమె ఎవరో సరిగా చెప్పలేదనీ నాగరత్నమ్మగారు గమనించారు. వీరేశలింగంగారంతటి పెద్దమనిషి ఆ కావ్యాన్ని తప్పుపట్టినా ఆమె జంకలేదు. రాతప్రతి సంపాదించి, 1910లో పూర్తి కావ్యాన్ని వావిళ్లవారి ద్వారా వెలుగులోకి తెచ్చారు. పీఠికలో వీరేశలింగంగారికి సూటిగా జవాబూ చెప్పారు. అశ్లీలమని 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒకే మనిషి ఒక కవయిత్రినీ, ఒక వాగ్గేయకారుణ్ణీ మరుపు నుంచి లాగి మన చేతుల్లో పెట్టింది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో పెద్దక్షరాలతో ఉండవలసింది.

త్యాగరాజస్వామి విషయంలో సమాధి పోయినా పాట నిలిచింది. అన్నమయ్య విషయంలో మాట నిలిచి, వరస పోయింది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారని లెక్క. ఆయన సంకీర్తనలను కొడుకు పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించారు. కాలక్రమంలో ఆ రేకులు తిరుమల ఆలయంలోని ఒక అరలో మరుగున పడిపోయాయి. మళ్లీ బయటపడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చువేయించారు. ఇంటిల్లిపాదీ కట్టుకున్న భద్రమైన ఏర్పాటు కనుక రాగి చెడలేదు, అక్షరం చెరగలేదు. ప్రతి పాటకూ రాగం పేరు కూడా చెక్కి ఉంది. కానీ రాగం పేరు తెలిసినంత మాత్రాన వరస తెలియదు కదా. అన్నమయ్య ఆ పాటను ఎలా ఎత్తుకున్నాడో, ఎక్కడ ఆగాడో, ఏ మాట మీద ఒక సంగతి వేశాడో రాగిరేకు చెప్పలేదు. పాడే గొంతుల గొలుసు నడుమ ఎక్కడో తెగిపోయింది.

అందుకని ఇవాళ మన ఇళ్లలో పొద్దున్నే వినిపించే అన్నమయ్య పాటల్లో మాటలు పదిహేనో శతాబ్దంవి, చాలావరకు వరసలు ఇరవయ్యో శతాబ్దంవి. రాళ్లపల్లివారు స్వయంగా ఎన్నో సంకీర్తనలకు స్వరాలు కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక ఆ పని జోరందుకుంది. నేదునూరి కృష్ణమూర్తిగారు నూటికి పైగా కీర్తనలకు సంప్రదాయం చెడని వరసలు కూర్చారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు కూర్చినవి ఆరువందలు దాటుతాయి. నేదునూరివారు 2014లో, బాలకృష్ణప్రసాద్‌గారు 2025 మార్చిలో మనల్ని విడిచి వెళ్లారు. అన్నమయ్య పాట వింటూ అన్నమయ్యను తలుచుకోవడం సరే. ఆ పాటకు గొంతు ఇచ్చిన వీళ్ల పేర్లు కూడా అదే ఊపిరిలో చెప్పడం న్యాయం. పెళ్లిలో పాడే పిల్లకు మాటలు ఎవరివో తెలుసు, వరస ఎవరిదో తెలియదు. ఆ లోటు పాట నేర్పే పెద్దలు తీర్చవలసినది.

నేదునూరివారి పేరు చెప్పాక వారి గురువు శ్రీపాద పినాకపాణిగారిని దాటి వెళ్లలేను. వృత్తికి ఆయన వైద్యులు, వైద్యకళాశాలలో ఆచార్యులు. పగలంతా రోగులు, విద్యార్థులు. మిగిలిన పొద్దంతా పెద్ద పెద్ద విద్వాంసుల దగ్గర విన్న కీర్తనలను గమకంతో సహా కాగితం మీద పెట్టే పని. సంగీత సౌరభం పేరుతో దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది ఆ కృషినే. స్వరలిపి రాయడం ఎంత విసుగు పుట్టించే పనో సంగీతం తెలిసినవాళ్లకు తెలుసు. ఒక్క పల్లవికి పదేసి సంగతులు. ఒక్కొక్కదాన్నీ స్వరాలుగా విడదీసి, కాలం గుర్తులు పెట్టి, మళ్లీ పాడి సరిచూసుకోవాలి. సభలో చప్పట్లు రావు, పత్రికలో ఫొటో రాదు. నూరేళ్లకు కొన్ని నెలలు తక్కువగా, 2013లో ఆయన కర్నూలులో కన్నుమూసేనాటికి, తన ముందుతరం విద్వాంసుల గొంతుల్లోని మెళకువలను అలా వందల కీర్తనల్లో భద్రపరిచి వెళ్లారు.

సంగీతానికైతే స్వరలిపి ఉంది, శిష్యుడున్నాడు. మరి రంగస్థలానికి? నటుడు తెర దించగానే నటన అయిపోయింది. మర్నాడు మళ్లీ ఆడవచ్చు గాని, నిన్నటిది మళ్లీ రాదు. స్థానం నరసింహారావుగారి సంగతే చూడండి. 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామ విలాస సభలో ఆడవేషాలకు ఆంధ్రదేశమంతా పేరు మోగించారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, కన్యాశుల్కంలో మధురవాణి, రోషనార. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నడక, ఒక్కొక్క చూపు, చీర కట్టులో కూడా తేడా. సత్యభామ గర్వానికీ మధురవాణి చతురతకూ మధ్య ఉన్న దూరాన్ని ఆయన కనుబొమ చూపించేదని చూసినవారు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో వెళ్లిపోయారు.

ఆయనవి మనకు మిగిలినవి ఏమిటి? ఫొటోలున్నాయి. పాటల రికార్డులు కొన్ని ఉన్నాయి. నటస్థానం పేరుతో తన అనుభవాలు తానే రాసుకున్న పుస్తకం ఉంది. ఆ పుస్తకం లేకపోతే మనకు దక్కేది ఇంకా తక్కువ. కానీ వన్స్ మోర్ అని జనం అరిచినప్పుడు అదే పద్యాన్ని రెండోసారి ఎలా మార్చి పాడేవారో, సత్యభామగా అలిగి ఎన్ని అడుగులు వెనక్కి వేసేవారో ఇవాళ చెప్పగలవారు లేరు. ఆ నాటకాలు చూసిన తరం మొత్తం వెళ్లిపోయింది. రంగస్థల నటుడి విషయంలో చూసిన కళ్లు మూసుకున్నాక జ్ఞాపకం కూడా ఆగిపోతుంది. చూసినవారు బతికి ఉండగా కూర్చోబెట్టి చెప్పించుకుని రాసుకోవడం ఒక్కటే దారి. ఆ పని మనం అరకొరగా చేశాం.

దీనికి ఎదురుగా సురభి నాటక కుటుంబం ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన ఆ కుటుంబం ఇప్పటికీ ఆడుతూనే ఉంది. వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజం శాఖోపశాఖలైంది. అందులో పిల్లలు రంగస్థలం మీదే పెరుగుతారు. బాలకృష్ణుడి వేషంతో మొదలై, కృష్ణుడై, వయసు పైబడ్డాక వసుదేవుడవుతారు. తెర ఎలా పడాలి, మాయాబజార్‌లో పదార్థాలు వాటంతటవే ఎలా కదలాలి, పాతాళభైరవి ఎక్కడినుంచి పైకి లేవాలి అన్నది చూసి నేర్చుకోవలసిందే. రేకందార్ నాగేశ్వరరావుగారు, అందరికీ తెలిసిన పేరు బాబ్జీ, ఆ సమాజాన్ని కష్టకాలంలో నడిపి, 2013లో పద్మశ్రీ అందుకుని, 2022లో కన్నుమూశారు. ఆయన తర్వాత కూడా నాటకం ఆగలేదు. సురభివారు తమ పూర్వుల పేర సభలు పెట్టి ఊరుకోలేదు. తాత వేసిన వేషం మనవడు వేస్తాడు. తాత ఎక్కడ చెయ్యి ఎత్తేవాడో అక్కడే ఎత్తుతాడు.

బుర్రకథ దగ్గరకొస్తే ఇంకో చిక్కు ఉంది. షేక్ నాజర్‌గారు 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథకు కొత్త ఊపిరి పోశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ ఆయన చెబుతుంటే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తిగారు ఆయన నోటనే చెప్పించుకుని పింజారి పేరుతో పుస్తకంగా తెచ్చారు. స్థానం వారి తరంలో ఎక్కువమందికి జరగవలసినది నాజర్‌గారికి జరిగింది.

చిక్కు ఏమిటంటే, బుర్రకథ ఒక్కరి కళ కాదు. నడుమ తంబురాతో, వేళ్లకు అందెలతో కథకుడు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఒకరు రాజకీయం చెబుతారు, ఇంకొకరు హాస్యం. వంత సరైన చోట అందుకోకపోతే కథకుడు ఎంత గొప్పవాడైనా కథ చప్పబడుతుంది. అయినా ఊళ్లో పెద్దల్ని అడిగి చూడండి. నాజర్ పేరు టక్కున చెబుతారు, వంతల పేర్లు అడిగితే తల గోక్కుంటారు. కచేరీకీ ఇదే వరస. పాడినవారి పేరు గోడమీద పెద్దక్షరాల్లో ఉంటుంది. మృదంగం, వయొలిన్, ఘటం వాయించినవారి పేర్లు కింద చిన్నక్షరాల్లో, ఒక్కోసారి అవీ ఉండవు. సినిమా పాటలో ఆ మురళి బిట్టు ఎవరు వాయించారో, ఆ సితార్ ఎవరిదో ఆనాటి రికార్డు కవరు మీద రాయలేదు. పక్కవాద్యగాడు పోతే సంతాపసభ కూడా ఉండదు.

తెలంగాణ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయాక, కర్మ జరిగే రోజున, బుడగ జంగాలవంటి కులాల కళాకారులు వచ్చి ఆ పోయిన మనిషి గురించి పాడతారు. ఆయన ఎలా బతికాడు, ఎవరిని సాకాడు, ఎవరితో మాట పట్టింపు వచ్చింది అన్నీ ఆ పాటలో వస్తాయి. వింటూ వింటూ ఇంటివాళ్లు ఏడుస్తారు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు అక్కడే ఒకరినొకరు పట్టుకుంటారు. పేరున్న మనిషి కానక్కర్లేదు. ఎకరం చెలక దున్నుకుని బతికినవాడికి కూడా ఆ మర్యాద దక్కేది. 2023లో వచ్చిన బలగం సినిమా ఈ ఆచారాన్ని చివరి ఘట్టంలో పెట్టుకుంది. ఆ ఘట్టంలో పాడింది పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. వరంగల్లు ప్రాంతపు అసలు సిసలు కథకులు. ఆ పాట విని రెండు రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లు కంటతడి పెట్టాయి. కొన్ని పల్లెల్లో తెర కట్టి అందరూ ఒకచోట కూర్చుని చూశారు. తర్వాతి ఏడాది, 2024 డిసెంబరులో, మొగిలయ్యగారు మూత్రపిండాల జబ్బుతో చనిపోయారు.

అదే ఏడాది జూన్‌లో మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యగారు కూడా వెళ్లిపోయారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ పూర్వీకుల వంశచరిత్రలను డోలు మీద పాడి చెప్పగల అతికొద్దిమందిలో ఆయన ఒకరు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇటువంటి మనిషి పోవడమంటే ఒక జాతి గ్రంథాలయం తలుపు మూతపడ్డట్టే. రాతప్రతి లేదు, రాగిరేకు లేదు. ఆయనకు వచ్చిన కథల్లో ఎన్ని ఎవరైనా నేర్చుకుని ఉంటే అన్నే మిగులుతాయి. వందలమంది పోయినవాళ్లకోసం పాడిన కళాకారుడు పోయినప్పుడు అతనికోసం పాడేవాడు ఉన్నాడా అని అడగాలి. చాలా ఊళ్లలో లేడు.

ఇక గొంతు రికార్డుకెక్కిన కాలానికి వద్దాం. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదివేటప్పుడు మధూకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని, కడుపు నింపుకున్నారు. ఆదరించి విద్య నేర్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. 1942 ఉద్యమంలో ఘంటసాల జైలుకు వెళ్లారు. మద్రాసు చేరాక రేడియోలో పాడే అవకాశానికి బాలాంత్రపు రజనీకాంతరావుగారి ప్రోత్సాహం తోడయింది. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ నాటికి ఆయన గొంతు తెలుగువాళ్ల సొంత గొంతు అయిపోయింది. 1974 ఫిబ్రవరి 11న, ఇంకా యాభై రెండేళ్లు నిండకుండానే, కన్నుమూశారు.

ఆయన చివరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో పాడి రికార్డు చేశారు. ఇవాళ తెలుగునేలమీద ఎవరింట్లో మనిషి పోయినా ముందు వినిపించేది ఆ రికార్డే. పేదా గొప్పా తేడా లేదు. తాను పోయి అర్ధశతాబ్దం దాటినా, పోయినవాళ్లందరి ముంగిటా నిలబడి ఓదార్పు చెబుతున్న గాయకుడు ఆయన. ఇది ఏ ప్రభుత్వమూ పెట్టిన ఏర్పాటు కాదు, జనం తమకు తాముగా ఇచ్చిన స్థానం.

అయినా ఒక మాట చెప్పాలి. రికార్డు ఉంది కదా అని మనం ధీమా పడ్డాం. ఏటా ఘంటసాల ఆరాధనోత్సవాల్లో యువగాయకులు ఆయన గొంతును అనుకరించి పాడతారు, మనం చప్పట్లు కొడతాం. అనుకరణ తప్పు కాదు, నేర్చుకునేవాడి మొదటి మెట్టు అదే. కానీ పద్యాన్ని అర్థం చెడకుండా ఎక్కడ విరవాలో, శాస్త్రీయ సంగీతపు బలాన్ని లలితంగా ఎంత మేరకు వాడాలో ఆయనకు విజయనగరంలో వచ్చిన శిక్షణ నేర్పింది. ఆ శిక్షణ సంగతి సభల్లో ఎవరూ ఎత్తరు. పట్రాయనివారి పేరు వేదికమీద ఎప్పుడో గాని వినిపించదు. ఘంటసాలను నిజంగా తలుచుకునే ఊరు, పద్యం పాడటం నేర్పే ఒక బడి పెట్టుకోవాలి.

ఈ విషయంలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారిది మంచి ఒరవడి. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమంలో పిల్లలు పాట పాడగానే ఆయన మార్కులు వేసి ఊరుకునేవారు కాదు. ఈ పాట రాసిందెవరు, స్వరం కట్టిందెవరు, ఆ రోజు రికార్డింగులో ఏం జరిగింది, ఆ వాద్యం వాయించిందెవరు అని చెప్పేవారు. పది పన్నెండేళ్ల పిల్లలకు సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, మాస్టర్ వేణు వంటి పేర్లు ఇంట్లోవాళ్ల పేర్లంత దగ్గరగా తెలిసింది అందువల్లే. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు మనం ఒక గాయకుణ్ణి పోగొట్టుకున్నామని ఏడ్చాం. పాత కళాకారులను వారం వారం మన ఇంటికి తీసుకొచ్చిన మనిషిని కూడా అదే రోజు పోగొట్టుకున్నాం.

మాట్లాడుతున్నది రేడియోలో కనుక రేడియో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, ఆయన తోటివారు రామదాసు కీర్తనలను, తత్వాలను, ఎక్కడో మూలనపడ్డ సంకీర్తనలను ఇంటింటికీ చేర్చారు. రజనీకాంతరావుగారు రేడియో ఉద్యోగం చేస్తూనే ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాశారు. దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే రేడియోలో ఆ తొలినాళ్ల ప్రసారాలు చాలావరకు ప్రత్యక్షంగా జరిగేవి. పాడారు, గాలిలో కలిసింది. అప్పటి పరిస్థితి అది. ఇప్పుడు ఆ సాకు ఎవరికీ లేదు. రికార్డు చేసే యంత్రం ప్రతివాడి జేబులో ఉంది.

అందుకే ఈ ప్రసంగం చివర నాలుగు పనులు అడుగుతాను. మీ ఊళ్లో డెబ్భై దాటిన హరికథకుడో, బుర్రకథ వంతో, యక్షగానం ఆడిన తల్లో, సన్నాయి మేళగాడో, డప్పు కళాకారుడో ఉంటే ఈ నెల్లోనే వెళ్లి కూర్చోండి. పాట ఒక్కటే కాదు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎక్కడెక్కడ ప్రదర్శించారో కూడా అడిగి రికార్డు చెయ్యండి. తేదీ, ఊరు, పక్కన వాయించినవారి పేర్లు ముందుగా మీ గొంతుతోనే చెప్పి మొదలుపెట్టండి. పేరు లేని రికార్డు పదేళ్లకు ఎవరికీ పనికిరాదు. రెండోది, సభల్లో పాట పాడేముందు రాసినవారి, స్వరం కట్టినవారి పేరు చెప్పడం నియమంగా పెట్టుకోండి. అర నిమిషం పడుతుంది. మూడోది, విగ్రహానికి చందా అడగడానికి ఎవరైనా వస్తే, అందులో సగం ఆ కళ నేర్చుకునే పిల్లవాడి ఖర్చుకు, ఇంకా బతికున్న అదే కళాకారుల మందులకు కేటాయించమని అడగండి. పోయినవారికి దండ ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు. ఉన్నవారికి మందు ఆలస్యం కాకూడదు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మీకు ఇష్టమైన కళాకారుడి పాట ఒకటి, పద్యం ఒకటి, కథలో ఒక ఘట్టం నోటికి నేర్చుకుని ఇంట్లో పిల్లలకు నేర్పండి. తప్పులు పోతే పోనివ్వండి, పదిసార్లు పాడితే సర్దుకుంటాయి.

నాగరత్నమ్మగారికి ప్రభుత్వం అండ లేదు, సంఘం అండ లేదు, ఆ గుడి ముందు పాడే హక్కు కూడా లేదు. అయినా ఆమె పూనుకున్నారు కనుక త్యాగరాజస్వామి ఆరాధన ఈ రూపంలో మనకు దక్కింది. ఆమెకు ఉన్న అడ్డంకుల్లో మనకు ఒక్కటీ లేదు. ఇక చెయ్యకపోతే ఆ తప్పు పూర్తిగా మనదే.